పరుల చేత చేయించిన కర్మకు ఫలభోక్త ఎవరు?

ఒక పనిని మనిషి తానే చేయక, మరొకరికి ద్రవ్యమిచ్చి చేయించినప్పుడు ఆ పనిలోని పుణ్యపాపాలు, లాభనష్టాలు ఎవరికి చెందుతాయన్నది భారతీయ ధర్మచింతనలో చాలా పాత ప్రశ్న. యజ్ఞశాలలో పుట్టి, వ్యవహార నిర్ణయాలకూ భిక్షువుల నియమాలకూ విస్తరించిన ఆ ప్రశ్న, ఈనాడు దుబాయి, షార్జా నగరాల్లో పదిమంది కలిసి ఉండే ఇరుకు గదుల్లో, విజిట్ వీసా గడువు నాలుగు రోజుల్లో తీరిపోనున్న తెలుగు యువకుడి ముందు బతుకుతెరువు సమస్యగా నిలబడుతోంది. "పాస్‌పోర్టు నా చేతిల పెట్టు, పైసలియ్యి, మిగిలింది నేను చూసుకుంట" అనే అనధికార ఏజెంటు మాటకు అతడు తలూపిన తర్వాత జరిగేదానికి కర్త ఎవరు, భోక్త ఎవరు అన్న విచారణ వేదాంతులకే పరిమితమైనది కాదు. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల్లో ఎన్నో ఇళ్ళ అప్పుపత్రాలు ఆ ప్రశ్నకు వచ్చే సమాధానంతో ముడిపడి ఉన్నాయి.

విజిట్ వీసా అంటే చూసిపోవడానికి, కలిసిపోవడానికి వచ్చేవారికి ఇచ్చే తాత్కాలికమైన అనుమతి. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో అది సాధారణంగా 30 రోజులకో 60 రోజులకో లభిస్తుంది. పొడిగించుకోవడానికి అధికారిక మార్గాలున్నాయి: దుబాయి వీసాల వ్యవహారాలను అక్కడి రెసిడెన్సీ డైరెక్టరేట్, తక్కిన ఎమిరేట్ల వాటిని ఫెడరల్ స్థాయిలోని గుర్తింపు, పౌరసత్వ అథారిటీ చూస్తాయి, దుబాయిలో ప్రభుత్వ అనుమతితో నడిచే ఆమెర్ కేంద్రాలు, వీసా తీసిన లైసెన్సు గల ట్రావెల్ కంపెనీలు దరఖాస్తులు స్వీకరిస్తాయి. అయినా తెలుగు కార్మికుడు ఈ మార్గాల దాకా పోలేకపోవడానికి కారణం అతని ప్రయాణం మొదట్లోనే ఉంది. పదో తరగతి దాటనివారి పాస్‌పోర్టు మీద సాధారణంగా ఈసీఆర్ ముద్ర ఉంటుంది; అంటే 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం గల్ఫ్ దేశాలతో సహా 18 దేశాలకు ఉద్యోగం కోసం వెళ్ళేముందు వారు ప్రభుత్వ క్లియరెన్స్ తీసుకోవాలి, నమోదైన రిక్రూటింగ్ ఏజెంటు ద్వారానో నేరుగా యజమాని ద్వారానో వెళ్ళాలి. ఈ కట్టుబాటును తప్పించడానికి ఊళ్ళోని సబ్ ఏజెంటు కనిపెట్టిన అడ్డదారి విజిట్ వీసా. చూడటానికి వెళ్తున్నట్టు కాగితం, పని వెతుక్కోవడానికి మనిషి: ప్రయాణానికి పునాదిలోనే మాటకూ పనికీ పొత్తు తప్పింది. విజిట్ వీసా మీద పని చేయడం అక్కడ నేరం. 2024 ఆగస్టులో వచ్చిన చట్టసవరణ, అనుమతి లేనివారిని పనిలో పెట్టుకున్న యజమానులకు లక్ష దిర్హముల నుంచి పది లక్షల దిర్హముల దాకా జరిమానా విధించింది కాబట్టి పని దొరకడమూ ముందుకంటే కష్టమైంది. పని దొరకదు, గడువు ఆగదు, ఇంటి దగ్గర వడ్డీ పెరుగుతుంది. అనధికార ఏజెంటు ప్రవేశించేది ఆ ఘడియలోనే.

అతడు చేసే మోసానికి రూపాలు కొన్నే. డబ్బు తీసుకుని దరఖాస్తే పెట్టకపోవడం ఒకటి. పాత వీసా కాగితంలో తేదీ మార్చి ఫోనుకు పంపడం ఇంకొకటి. పొడిగింపు ఇప్పుడు ప్రభుత్వ కంప్యూటర్లలో నమోదయ్యే విషయమే తప్ప కాగితం మీది ముద్ర కాదు కనుక, చేతిలోని కాగితం ఎంత నిజంగా కనిపించినా దానికి విలువ లేదు. ఆ నమోదును పాస్‌పోర్టు నంబరుతో ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చునన్న సంగతి మాత్రం ఆ గదుల్లో చాలామందికి తెలియదు. పాస్‌పోర్టు తన దగ్గర పెట్టుకుని మరింత డబ్బు గుంజడం మూడో రూపం. గడువు దాటిన ప్రతి రోజుకూ 50 దిర్హముల జరిమానా (2022 అక్టోబరుకు ముందు విజిట్ వీసాదారులకు అది 100) మౌనంగా పెరుగుతూ పోతుంది. ఆరు నెలలకు అది 9,000 దిర్హములు, అంటే రెండు లక్షల రూపాయలకు పైమాట. వీసా తీసిన కంపెనీ ఇతడు పరారైనట్టు ఫిర్యాదు చేస్తే దేశ బహిష్కరణ, పునఃప్రవేశ నిషేధం దాకా పోవచ్చు. ఇవన్నీ బయటపడేది తరచుగా విమానాశ్రయంలో, అధికారి పాస్‌పోర్టును యంత్రం మీద పెట్టినప్పుడు. అప్పటికి ఏజెంటు ఫోను పలకదు. అధికారి ఎదుట నిలబడవలసింది పాస్‌పోర్టులో ఫొటో ఉన్నవాడే.

చేసినవాడు ఒకడు, అనుభవించేవాడు మరొకడు కావడం న్యాయమేనా అన్న ప్రశ్నను పూర్వమీమాంస చాలా సూక్ష్మంగా చర్చించింది. వేదవిహిత కర్మల అర్థనిర్ణయానికి ఏర్పడిన ఈ దర్శనంలో జైమిని సూత్రాల మూడో అధ్యాయం ఈ సమస్యను నేరుగా ఎత్తుకుంటుంది. యజ్ఞంలో ఆహుతులు వేసేది, మంత్రాలు చదివేది ఋత్విక్కులు. యజమాని, అంటే యజ్ఞం తలపెట్టి దక్షిణ ఇచ్చేవాడు, చాలాసేపు కూర్చుని చూస్తాడు. అయినా స్వర్గాది ఫలం యజమానిదేనని, ఋత్విక్కులకు దక్షిణే తప్ప ఫలంలో భాగం లేదని జైమిని నిర్ణయించాడు. ఆ దక్షిణను మీమాంసకులు దానమని అనలేదు. పరిక్రయం అన్నారు, అంటే శ్రమను వెలకు కొనడం. కొన్న శ్రమతో జరిగిన కర్మ కొన్నవాడిదే. దుబాయి విమానాశ్రయంలోని అధికారి తెలియకుండానే జైమిని సిద్ధాంతాన్ని అమలు చేస్తున్నట్టు కనిపిస్తాడు: ఏజెంటుకు ముట్టింది కమిషను, ఫలం మాత్రం పాస్‌పోర్టుదారుడిది.

అయితే ఆ దర్శనాన్ని ఇక్కడితో ఆపి, కార్మికుడిదే తప్పని తేల్చడం సగం చదివి తీర్పు చెప్పడమే. అదే సూత్రగ్రంథం ఆరో అధ్యాయంలో ప్రతినిధి గురించిన చర్చ ఉంది. ప్రతినిధి అంటే అసలు దొరకనప్పుడు దాని స్థానంలో వాడేది; వరిధాన్యం దొరకకపోతే నీవారధాన్యం వాడవచ్చు. కానీ దేవతకు, అగ్నికి, మంత్రానికి, క్రియకు ప్రతినిధి లేనట్టే, యజమానికీ ప్రతినిధి లేడని మీమాంస కచ్చితంగా చెప్పింది. చేతులు ఎన్నయినా అద్దెకు తెచ్చుకోవచ్చు, సంకల్పాన్ని మాత్రం అద్దెకు ఇవ్వడానికి వీల్లేదు. అందుకే నేటికీ తెలుగువారి ఇళ్ళలో చిన్న వ్రతానికైనా పురోహితుడు యజమాని చేత దేశకాలాలు, గోత్రం, పేరు చెప్పించి, ఏ కర్మ ఎందుకు చేస్తున్నాడో అతని నోటనే పలికిస్తాడు. సంస్కృతం రానివాడైనా తన పేరు ఎక్కడ వచ్చిందో వింటాడు. ఫలం యజమానిదన్న నియమం న్యాయంగా నిలిచేది ఈ వినికిడి మీదనే. చేయించినవాడికి తన పేరున ఏమి జరుగుతోందో తెలిసి ఉండాలి, ఆగమనగల అధికారం అతనికి ఉండాలి, ఋత్విక్కును వరించిందీ అతడే అయి ఉండాలి. అనధికార ఏజెంటు దగ్గర ఈ మూడూ లేవు. అరబీలో, ఇంగ్లీషులో ఉన్న దరఖాస్తులో ఏ కారణం రాశారో, ఏ కంపెనీ పేరున పెట్టారో, అసలు పెట్టారో లేదో కార్మికుడు వినలేదు. సంకల్పం లేని యజమానిగా అతడు మిగిలాడు. అతనికి శిక్ష పడుతున్నప్పుడు శాస్త్రం ప్రకారం అడగవలసిన మొదటి ప్రశ్న, అతనికి వినే అవకాశం ఎవరు లేకుండా చేశారు అన్నది. దానికి జవాబు ఒక్క ఏజెంటు దగ్గరే ఆగదు, కార్మికుడికి అర్థమయ్యే భాషలో నియమాలు చెప్పే బాధ్యత గల రెండు ప్రభుత్వాల దాకా పోతుంది.

తెలియకపోవడంలోనూ రెండు రకాలున్నాయి, వాటిని కలిపేస్తే ధర్మవిచారణ తప్పుదారి పడుతుంది. పతంజలి యోగసూత్రాల రెండో పాదం హింస, అసత్యం, చౌర్యం వంటి దోషాలను కృతం, కారితం, అనుమోదితం అని మూడుగా విభజించింది: తాను చేసినది, ఇతరుల చేత చేయించినది, ఇతరులు చేస్తుంటే సమ్మతించినది. ఒక్కొక్కటీ లోభం వల్లనో, క్రోధం వల్లనో, మోహం వల్లనో పుడుతుందని, అందులోనూ మృదువు, మధ్యమం, తీవ్రం అనే తేడాలుంటాయని చెప్పి, వ్యాసభాష్యం ఈ లెక్కను 81 భేదాల దాకా విస్తరించింది. జైనధర్మం కూడా చేయడం, చేయించడం, ఆమోదించడం అనే మూడింటినీ మనోవాక్కాయాలతో హెచ్చించి తొమ్మిది విధాలుగా వ్రతభంగాన్ని చూస్తుంది. ఈ విభజనలో విజిట్ వీసా వ్యవహారానికి బాగా దగ్గరగా వచ్చేది అనుమోదితమే. "ఎలా చేస్తావు?" అని అడిగితే వినకూడని జవాబు వస్తుందేమోనన్న భయంతో అడగకుండా డబ్బు చేతిలో పెట్టినవాడు అజ్ఞాని కాడు; అతడు తన కళ్ళకు తానే గంతలు కట్టుకున్నాడు. ఆఫీసులో అడిగేదానికంటే సగం ధరకు, ఒక్కరోజులో, మనిషి కదలనవసరం లేకుండా వీసా పెరుగుతుందని చెప్పినప్పుడు ఏదో వంకర ఉందని ఎవరికైనా తోస్తుంది. ఆ తోచినదాన్ని అణిచివేసిన క్షణంలోనే అనుమోదనం జరిగిపోయింది. అయితే అది లోభంవల్ల పుట్టినదా, అప్పుల భయంలోని మోహంవల్ల పుట్టినదా, మృదువా తీవ్రమా అన్న తూకాన్ని యోగశాస్త్రం వదిలిపెట్టలేదన్నది మరువరాదు. రోజుకు ఇన్ని దిర్హములని ఒకే గీత గీసే జరిమానాకు ఆ తూకం తెలియదు.

చెప్పినదానిని దాటి ఏజెంటు చేసినదాని మాటేమిటి? బౌద్ధ వినయపిటకం దొంగతనం గురించిన నియమంలో దీన్ని ఆశ్చర్యం కలిగించేంత వివరంగా తూచింది. ఫలానా వస్తువు తెమ్మని ఒక భిక్షువు పురమాయిస్తే, రెండోవాడు అదే వస్తువు తెచ్చినప్పుడు ఇద్దరికీ దోషం; పొరబడి వేరే వస్తువు తెచ్చినా, చెప్పిన వేళకు కాక మరో వేళకు తెచ్చినా, పురమాయించినవాడికి ఆ దోషం అంటదు, తెచ్చినవాడిదే. ఇస్లామీయ న్యాయశాస్త్రంలో వకాలా, అంటే ఒకరు మరొకరి పక్షాన వ్యవహరించే ఒప్పందం, దాదాపు ఇదే పద్ధతిలో నడుస్తుంది: వకీలు అప్పగింతను కాపాడే నమ్మకస్తుడు, హద్దు మీరితే నష్టం అతనిదే. అధికారం లేకుండా పరుల పక్షాన వ్యవహరించేవాడికి ఆ శాస్త్రంలో ఫుదూలీ అని పేరు. అతడు చేసిన వ్యవహారం, అసలువాడు తెలిసి ఒప్పుకునేదాకా గాలిలో నిలిచి ఉంటుందని హనఫీ, మాలికీ సంప్రదాయాలు, అసలు చెల్లదని షాఫియీ సంప్రదాయం అంటాయి. పరస్పర సంబంధం లేకుండా ఎదిగిన రెండు శాస్త్రాలు ఇక్కడ ఒకే మాటకు చేరాయి: పొడిగింపు అడిగినవాడు ఫోర్జరీ అడిగినట్టు కాదు. తేదీ మార్చిన కాగితమని తెలిసిన తర్వాత కూడా దానిని ఎవరికైనా చూపిస్తే మాత్రం ఆమోదం పడినట్టే, ఆపై అది అతని సొంత కర్మ. అనుమానం వచ్చిన రోజునే అధికారుల ఎదుటికి వెళ్ళడానికీ, ఇంకో ఏజెంటును వెతకడానికీ ఉన్న తేడా ఇదే.

ఎవరి మాట నమ్మాలన్నది న్యాయదర్శనానికి చెందిన విషయం. గౌతముడు శబ్దప్రమాణాన్ని, అంటే మాట ద్వారా కలిగే యథార్థ జ్ఞానాన్ని, ఆప్తుడి ఉపదేశంగా నిర్వచించాడు. ఆప్తుడంటే విషయాన్ని స్వయంగా ఎరిగి, ఎరిగినది ఎరిగినట్టు చెప్పాలన్న కోరిక గలవాడని వాత్స్యాయనుడి భాష్యం. అతడు ఋషి కావచ్చు, ఆర్యుడు కావచ్చు, మ్లేచ్ఛుడూ కావచ్చునని ఆయన చేర్చిన మాట ఇక్కడ బంగారం లాంటిది. గల్ఫ్‌లోని తెలుగు కార్మికుడు ఏజెంటును నమ్మేది అతనికి వీసా నియమాలు తెలిసినందుకు కాదు, మన ఊరివాడు, మన భాషవాడు, వరసకు అన్న అయినందుకు. ఊరు, వరస ఆప్తత్వానికి లక్షణాలు కావు. కౌంటరు వెనకున్న, భాష రాని అపరిచిత అధికారి ఈ ఒక్క విషయంలో అంతకంటే ఆప్తుడు. పైగా ఏజెంటు ప్రతిసారీ వంచకుడే కానవసరం లేదు. శాస్త్రకారులు మాటలోని దోషాలను భ్రమ, ప్రమాదం, విప్రలిప్స, కరణాపాటవం అని నాలుగుగా చెప్పారు: పొరబాటు, ఏమరుపాటు, మోసగించాలన్న కోరిక, ఇంద్రియాల అసమర్థత. విప్రలిప్స లేకపోయినా భ్రమ చాలు. దేశం దాటకుండా లోపలే ఉండి కొత్త విజిట్ వీసాకు మారే వెసులుబాటు 2022 చివర కొన్ని ఎమిరేట్లలో ఆగిపోయి దుబాయిలో కొనసాగినప్పుడు, నిన్నటి నియమాన్ని నేటికీ నిజమనుకున్నవాడు నిజాయితీగానే తప్పుదారి చూపించగలడు.

రాజ్యానికి ఇంత పట్టుదల ఎందుకని అడిగేవారికి కౌటిల్యుడి అర్థశాస్త్రం రెండో అధికరణంలోని ముద్రాధ్యక్షుడు సమాధానం. ఒక మాషకం తీసుకుని ఇతడు ముద్ర ఇస్తాడు. ముద్ర ఉన్నవాడే జనపదంలోకి రావచ్చు, బయటికి పోవచ్చు. ముద్ర లేని స్వదేశీయుడికి 12 పణాల దండన. దొంగముద్రకైతే పూర్వసాహస దండం, అంటే 48 నుంచి 96 పణాల దాకా. దొంగముద్రతో పట్టుబడినవాడు పరదేశీయుడైతే ఉత్తమసాహసం, 500 నుంచి 1,000 పణాలు. ముద్ర లేకపోవడానికీ దొంగముద్రకూ మధ్య ఇంత ఎడం పెట్టడంలో కౌటిల్యుడి వివేకం కనిపిస్తుంది. లేనివాడు నియమం తప్పాడు. దొంగముద్ర వాడు నియమాన్ని నమ్మినవారినందరినీ వంచించాడు. పరదేశీయుడి మీద భారం ఎక్కువ మోపడం నేటి మనసుకు కటువుగా తోచినా, పరాయి నేల మీద దొంగకాగితం ఎంత ప్రమాదమో రెండువేల ఏళ్ళ కిందటి గ్రంథం కూడా దాచలేదు. ముద్ర వెల ఒక మాషకమని బహిరంగంగా చెప్పడమూ గమనించదగ్గదే; వెల ఎంతో అందరికీ తెలిసినచోట దళారికి చోటు తక్కువ.

ఆకలి ముందు ఈ విచారమంతా నిలుస్తుందా అన్నది తేలిగ్గా తోసివేయదగిన ఆక్షేపం కాదు. మహాభారతం శాంతిపర్వంలోని ఆపద్ధర్మ భాగంలో పన్నెండేళ్ళ కరువుకు తాళలేక విశ్వామిత్రుడు ఊరి చివరి ఇంట కుక్కమాంసం దొంగిలించబోయిన కథ ఉంది. ప్రాణం నిలిస్తేనే ధర్మం నిలుస్తుందని ఆయన వాదిస్తాడు, గ్రంథం ఆయనను పతితుడనదు. అయితే విశ్వామిత్రుడు తాను చేస్తున్నది నిషిద్ధమని తెలిసి, ఆ ఇంటి యజమానితో ముఖాముఖి వాదించి, తన చేతితో తానే తీసుకున్నాడు. ఆపద్ధర్మం ఆపదలో ఉన్నవాడికి ఇచ్చిన మినహాయింపు; ఆపదను సరుకుగా మార్చుకున్న దళారికి అందులో భాగం లేదు. గడువు దాటిన నేరాన్ని తానే ఒప్పుకుని అధికారుల ముందు నిలిచిన పేదవాడికి ఆ ధర్మం వర్తిస్తుందనడంలో సందేహం అక్కరలేదు.

ఏజెంటు పాపం వేరే పద్దులో రాయవలసినది. పాస్‌పోర్టు భారత ప్రభుత్వ ఆస్తి అని 1967 నాటి పాస్‌పోర్టు చట్టం చెబుతుంది. ధరించినవాడు దానికి కాపరి మాత్రమే. దానిని ఏజెంటుకు ఇవ్వడం ధర్మశాస్త్ర పరిభాషలో నిక్షేపం, అంటే నమ్మి దాచమని ఇచ్చినది. మనుస్మృతి లెక్కించిన 18 వ్యవహారపదాల్లో నిక్షేపం రెండోది. నిక్షేపాన్ని తిరిగి ఇవ్వనివాడిని దొంగను శిక్షించినట్టు శిక్షించాలని ఆ గ్రంథం విధించింది. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షరను కేతన 13వ శతాబ్దంలోనే విజ్ఞానేశ్వరీయంగా తెలుగు చేశాడు కాబట్టి, నమ్మి ఇచ్చినదాన్ని దిగమింగడం ఏమిటో తెలుగువారికి తెలుగులోనే తెలిసి ఏడు వందల ఏళ్ళు దాటింది. ఖురాన్ కూడా అప్పగింతలను వాటి హక్కుదారులకు చేర్చమని ఆదేశిస్తుంది. ఏజెంటు ఏ మతస్థుడైనా అతని మతమే అతనికి వ్యతిరేకంగా సాక్ష్యం పలుకుతుంది.

గడువు దాటి దాక్కుని బతికేవారిని గల్ఫ్ తెలుగువారు ఖల్లివెల్లి అంటారు. వారికి అప్పుడప్పుడు క్షమాభిక్ష దక్కుతుంది. 2018లో ఆగస్టు 1 నుంచి, 2024లో సెప్టెంబరు 1 నుంచి మొదలై రెండుసార్లూ డిసెంబరు 31 దాకా పొడిగించిన ఆమ్నెస్టీల్లో ఎమిరేట్స్ ప్రభుత్వం జరిమానాలు మాఫీ చేసి, కోరినవారిని ఇంటికి పంపింది, ఉండదలచినవారికి హోదా సరిచేసుకునే వీలిచ్చింది. 2024లో వెళ్ళిపోయినవారికి పునఃప్రవేశ నిషేధం కూడా పెట్టలేదు. ప్రాయశ్చిత్తానికి ధర్మశాస్త్రం కోరేది కూడా ముందుగా తప్పును తానే చెప్పుకోవడం. కానీ రాజ్యం మాఫీ చేసేది రాజ్యానికి రావలసిన సొమ్మును మాత్రమే. ఏజెంటు తీసుకున్న డబ్బు, ఊళ్ళో నూటికి రెండు మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు అలాగే ఉంటాయి. 1983 చట్టం ప్రధానంగా ఉద్యోగాల కోసం మనుషులను పంపే ఏజెంట్లను ఉద్దేశించినది; పరదేశంలో ఒక గదిలో కూర్చుని వీసా పెంచుతానని డబ్బు తీసుకున్నవాడు దాని చేతికి సులభంగా చిక్కడు. అతని మీద అక్కడి పోలీసులకు ఫిర్యాదు చేయవలసినవాడు ఆ పోలీసులకే దొరకకుండా తిరుగుతున్న ఖల్లివెల్లి కార్మికుడు. చేయించినవాడికి ఫలం ఉందని చెప్పిన శాస్త్రాలేవీ చేసినవాడిని విడిచిపెట్టలేదు. క్షమాభిక్ష కేంద్రం ముందు వరుసలో నిలబడినవారిని జరిమానా లెక్కతో పాటు "ఎవరికి డబ్బిచ్చారు?" అని కూడా అడిగి, చెప్పినవారిని ఆ కారణంగా శిక్షించబోమని హామీ ఇచ్చి, ఆ సమాచారాన్ని జగిత్యాల పోలీసు స్టేషను దాకా చేర్చగల ఏర్పాటు రెండు ప్రభుత్వాల మధ్య జరగవలసి ఉంది.